చిత్రములలో చదువుకొను స్త్రీ

పూర్వకాలపు జనుల యాచారములను తెలిసికొనుటకు శాసనములును, చరిత్రగ్రంథములును మాత్రమే సాధనములని మనము సామాన్యముగా తలంతుము. చిత్రపటములును సాక్ష్యములే. రాజు దానము చేసిన భూమి యెంతయో శాసనము చెప్పును. నాయిక సౌందర్య మెట్టిదో కావ్యము చెప్పును. కాని యొక సామాన్య గృహిణి మధ్యాహ్నవేళ కిటికీ యొద్ద కూర్చుండెనా, పొయ్యి యొద్ద నిలుచుండెనా యని తెలిసికొనగోరువాడు చిత్రమునే యడుగవలెను. అయితే ఈ సాక్షి చెప్పినదెల్ల యథార్థమని నమ్మరాదు. చిత్రకారుడు తాను కన్నదానినే గాక తాను కోరినదానిని, తాను భయపడినదానిని కూడ వ్రాయును. ఒక్కొక్కప్పుడు ఆ కోరికయు, ఆ భయమును మనకు చరిత్రలో నెక్కువ యుపయోగపడును.

ఐరోపాఖండపు చిత్రకళలో ఆఱు వందల యేండ్లకు పైగా మాటిమాటికి కనబడు విషయమొకటి గలదు. అది చదువుకొనుచున్న స్త్రీ. ఆమె చేతిలో నొకప్పుడు ధర్మగ్రంథము, ఒకప్పుడు ప్రియుని లేఖ, ఒకప్పుడు నవల, ఒకప్పుడు వార్తాపత్రిక యుండును. ఈ చిత్రములను వరుసగా చూచినచో స్త్రీవిద్య క్రమముగా వ్యాపించిన కథ తెలియును. అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి తెలియును. స్త్రీకి చదువ వచ్చునా యనుట యొక ప్రశ్న. చదువుటకు ఆమెకు తీఱిక కలదా, ఉన్నచో దానిని చూచువారు సహింతురా యనుట వేఱొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు పాఠశాల సమాధానము చెప్పును. రెండవ ప్రశ్నకు ఇల్లే సమాధానము చెప్పవలెను.

మధ్యయుగములలో ఐరోపా చిత్రములందు పుస్తకము పట్టిన స్త్రీ యనగా ముఖ్యముగా యేసుక్రీస్తు తల్లియైన మరియమ్మయే. దేవదూత వచ్చి గర్భవార్తను తెలుపు ఘట్టమును వ్రాయునప్పుడు ఆమె చేతియందో, ముందున్న పీటపైనో గ్రంథము నుంచుట యాచారమయ్యెను. ఇటలీ దేశీయుడైన సిమోనే మార్తీని 1333వ సంవత్సరమున వ్రాసిన చిత్రమున, దూత మాటలకు బెదరి వెనుకకు ముడుచుకొనుచున్న మరియమ్మ తాను చదువుచున్న చోటు తప్పిపోకుండ బొటనవ్రేలిని పుటల నడుమ నుంచుకొనినది. ఆమె నిజముగా చదువుచుండెననుటకు ఆ బొటనవ్రేలే ప్రమాణము. కాని ఆ గ్రంథము పవిత్రగ్రంథము. ఆ పఠనము పూజ. దానిని తీఱిక యని యెవరును తప్పుపట్టరు. ఫ్లాండర్సు దేశపు రోహియర్ వాన్ డెర్ వేడెన్ 1438వ సంవత్సరమునకు పూర్వము వ్రాసిన మగ్దలేన మరియ చిత్రము లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. అది యొక పెద్ద బలిపీఠచిత్రమునుండి కోసిన ఖండము. చాల కాలము ఆమె వెనుక గోధుమవన్నె పూత మాత్రమే కనబడుచుండెను. 1955-56లో ఆ పూతను తొలగింపగా ఆమె చుట్టునున్నవారి దేహభాగములు బయటపడినవి. అనగా ఆమె యేకాంతమున లేదు. జనుల నడుమ నేలమీద కూర్చుండి, గ్రంథమునుండి చూపు మరలింపక చదువుచున్నది. భక్తి యను పేరిట నైనను అంతటి యేకాగ్రతను స్త్రీముఖమున చూపిన మొదటి చిత్రములలో నది యొకటి.

పుస్తకము గుడినుండి యింటికి వచ్చుట పదునేడవ శతాబ్దమున హాలండు దేశమున స్పష్టముగా కనబడుచున్నది. ఆ దేశమున ప్రొటెస్టెంటు మతము ప్రతిగృహమునను దేశభాషలో బైబిలు చదువవలెనని బోధించెను. వర్తకము లెక్కలను, ఉత్తరములను నిత్యావసరములుగా చేసెను. నావికులై, వర్తకులై పురుషులు దూరదేశములకు పోగా, ఇండ్లలోనున్న స్త్రీలకు ఉత్తరములు వచ్చుచుండెను. ఆమ్‌స్టర్‌డామ్ నగరపు వివాహపత్రములను బట్టి 1630లో నూటికి 32 మంది వధువులు సంతకము చేయగలిగిరి. 1780 నాటికి ఆ సంఖ్య 64 అయ్యెను. వరులలో సంతకము చేయగలవారు 1630లో 57 మంది. అప్పటి ఐరోపాలో ఇది సామాన్యమైన యభివృద్ధి గాదు.

ఈ దేశమున డెల్ఫ్ట్ నగరవాసియైన వెర్మేర్ చదువుకొను స్త్రీని అద్భుతముగా వ్రాసెను. అతడు 1657-59 ప్రాంతమున వ్రాసిన యొక చిత్రము ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున నున్నది. అందులో నొక యువతి తెఱచిన కిటికీ యెదుట నిలిచి ఉత్తరము చదువుచున్నది. రెండు శతాబ్దములకు పైగా చూపరులు ఆమె వెనుక వట్టి గోడను మాత్రమే చూచిరి. ఆ ఉత్తర మెవరు వ్రాసిరో, అందులో శుభమున్నదో, అశుభమున్నదో తెలియక, ఆ గోడ మౌనమునే చిత్రముయొక్క సౌందర్యముగా మెచ్చుకొనిరి. 1979లో ఎక్స్‌రే పరీక్ష వలన ఆ గోడక్రింద మన్మథుని చిత్రమొకటి కలదని తెలిసెను. అయితే వెర్మేరే దానిని కప్పివేసెనని పండితులు తలంచిరి. ఆ పూత అతని మరణానంతరము వేఱొకరు పూసినదని తరువాతి పరీక్షలలో తేలినందున దానిని జాగ్రత్తగా తొలగించి, 2021లో చిత్రమును మరల ప్రదర్శించిరి. ఇప్పుడామె తలవెనుక మన్మథుడు నిలుచున్నాడు. ఆ ఉత్తరము ప్రేమలేఖ యని మన కతడే చెప్పుచున్నాడు.

ఈ మార్పును చూచి కొందఱు సంతోషించిరి, కొందఱు పాత గోడయే బాగుండెననిరి. మనకిచ్చట కావలసినది వేఱొక విషయము. ఆ యువతి యేమి చదువుచున్నదో చూపరులకు చెప్పవలసిన యవసరము చిత్రకారున కేల కలిగెను? పురుషుడు పుస్తకము పట్టిన చిత్రమున అతడు పండితుడనియో, న్యాయవాది యనియో, మతాచార్యుడనియో చూపిన చాలును. స్త్రీ కాగితము పట్టినచో, అందులో నేమున్నదను ప్రశ్న వెంటనే పుట్టుచుండెను. దానికి సమాధానము గోడమీద నుండవలసి వచ్చుచుండెను. ఆ చిత్రకారుడే నాలుగైదేండ్లకు, 1663 ప్రాంతమున, నీలపు రవికె తొడిగిన స్త్రీ యుత్తరము చదువుచున్నట్లు మఱియొక చిత్రము వ్రాసెను. అది ఆమ్‌స్టర్‌డామ్‌లో నున్నది. అందు మన్మథుడు లేడు. గోడమీద హాలండు దేశపటము మాత్రమున్నది. ఆమె పెదవులు కొంచెము విడివడియున్నవి. రెండు చేతులు కాగితమును గట్టిగా పట్టుకొనియున్నవి. ఆ లేఖలోని సంగతి ఆమె కొక్కతెకే తెలియును. చూపరి నడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పకుండుట యను మర్యాదను వెర్మేర్ ఈ స్త్రీకి దయచేసెను. ఈ నిశ్శబ్దమును వ్రాసినవాని యింట నిశ్శబ్దము లేదను సంగతి కూడ గమనింపదగినది. అతని భార్య కతరీనాకు పదునైదుగురు బిడ్డలు పుట్టిరి, పదునొకండుగురు బ్రతికిరి. ఆ చిత్రములలోని తీఱిక ఆ యింటి యిల్లాలికి ఎంత దొరకియుండునో చదువరులే యూహింపవచ్చును.

ఆ కాలపువాడే యైన పీటర్ యాన్సెన్స్ ఎలింగా వ్రాసిన చిత్రమొకటి మ్యూనిక్ నగరపు చిత్రశాలలో నున్నది. అందలి స్త్రీ మనకు వీపు చూపి కూర్చుండి చదువుచున్నది. నేలమీద చెప్పుల జత అడ్డదిడ్డముగా విడిచియున్నది. పండ్ల పళ్లెమును తొందరపాటున నొక కుర్చీపై పెట్టినట్లున్నది. ఆమె యింటి యజమానురాలు కాదు, పనికత్తె యనియు, యజమానురాలు లేని సమయమున పనిని విడిచి చదువుచున్నదనియు పలువురు వివరించిరి. ఆమె చేతిలోని గ్రంథము ధర్మగ్రంథము కాదు, వీరుల సాహసకథ. కనుక చెదరిన చెప్పులును, మఱచిన పళ్లెమును ఆమెపై మోపిన నేరములని వారి తాత్పర్యము. అట్లయినను ఆ చిత్రమును చూచినవాడు ఆమెను పిలిచి పనికి పంపుటకు ఇష్టపడడు. చిత్రకారుడు తప్పు చూపవలెనని మొదలుపెట్టి, ఆమె యానందమునే చూపెను. పనికత్తెకు కూడ చదువు వచ్చినదనియు, చదువు వచ్చినచో పని యాగుననియు ఆ కాలపువారికి గలిగిన భయము ఈ చిన్న పటమున నిలిచియున్నది.

పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున ఈ భయము మఱింత పెరిగెను. స్వీడన్ దేశపు యువరాణి లొవీసా ఉల్రికా 1745లో షార్దాన్ అను చిత్రకారునివద్దకు వర్తమానమంపి మృదువైన శిక్షణము, కఠినమైన శిక్షణము అను రెండు విషయములపై జంటచిత్రములను కోరెను. అతడు వాటికి మాఱుగా తనకు తోచిన రెండు చిత్రములను వ్రాసి పంపెను. 1746 నాటి మొదటి చిత్రమున నొక గృహిణి కుర్చీలో వెనుకకు వాలి, పుస్తకమును ఒడిలో నుంచుకొని, ఏదో యాలోచించుచున్నది. ప్రక్కనున్న బల్లపై రాట్నము తిరుగక నిలిచియున్నది. మరుసటి యేట వ్రాసిన రెండవ చిత్రమున స్త్రీ యింటి జమాఖర్చు వ్రాసికొనుచున్నది. ఒకతె పుస్తకము చదువుచున్నది, ఒకతె పుస్తకము వ్రాయుచున్నది. కాని మొదటి దానికి వేడుక యనియు, రెండవ దానికి గృహనిర్వహణ మనియు పేరు. రాట్నము నిలిచినదను సంగతి చూపరులకు తప్పక తెలియవలెనని చిత్రకారుని యభిప్రాయము. ఆ కాలపు విమర్శకు డొకడు ఆమె కన్నులలోని యలసతను బట్టి ఆమె చదువుచున్నది నవలయే యని నిశ్చయించెను! కన్నులను చూచి గ్రంథమును కనిపెట్టు ఇట్టి శాస్త్రము పురుషుల విషయమున ప్రయోగింపబడినట్లు కానరాదు.

ఆ శతాబ్దముననే, 1769 ప్రాంతమున, ఫ్రాగోనార్ వ్రాసిన పచ్చని యంగీ తొడిగిన బాలిక చిత్రము వాషింగ్టన్ నగరపు జాతీయ చిత్రశాలలో నున్నది. ఆమె దిండునకు ఆనుకొని, చిన్న పుస్తకమును చిటికెనవ్రేలు ఎత్తి పట్టుకొని, ప్రక్కకు తిరిగి చదువుచున్నది. ఎక్స్‌రే పరీక్షలో ఈ ముఖముక్రింద వేఱొక ముఖము కనబడెను. అది పుస్తకమును విడిచి చూపరులవంక చూచుచున్న ముఖము. చిత్రకారుడు ఆ ముఖమును చెఱిపి, తలను పుస్తకమువంక త్రిప్పెను. అతని యుద్దేశమేమైనను, స్త్రీ చిత్రముల చరిత్రలో ఈ దిద్దుబాటు చాల గొప్పది. చూపరులను చూచుచున్న స్త్రీ చూడబడుటకై యున్నది. పుస్తకమును చూచుచున్న స్త్రీ తనకై తానున్నది.

పందొమ్మిదవ శతాబ్దమున అచ్చుయంత్రములు, చౌకగ్రంథములు, పత్రికలలో ధారావాహికముగా వెలువడు నవలలు పెరిగెను. నవలను చదివిన స్త్రీ చెడిపోవునను వాదమును వానితోడనే పెరిగెను. బెల్జియము దేశీయుడైన వీర్ట్స్ 1853లో వ్రాసిన చిత్రమున నొక స్త్రీ శయ్యపై వివస్త్రయై పడుకొని నవల చదువుచున్నది. శయ్యప్రక్కన పొంచియున్న పిశాచ మొకటి ఆమె వైపునకు మఱికొన్ని గ్రంథములను నెట్టుచున్నది. నీతిబోధ పేరిట స్త్రీదేహమును ప్రదర్శించు ఈ చిత్రము నీతికి హాని చేయునది నవలా, చిత్రమా యను సందేహమును కలిగింపక మానదు. ఫ్లోబేర్ వ్రాసిన మదామ్ బొవారీ నవలలోని నాయిక కూడ నవలలు చదివియే తన జీవితముపై నసంతృప్తి చెందెను. ఆ గ్రంథము నీతివిరుద్ధమని ప్రభుత్వము 1857లో విచారణ జరుపగా న్యాయస్థానము గ్రంథకర్తను విడిచిపెట్టెను. నవల చదివి చెడిపోయిన పురుషుని కథ యింత ప్రసిద్ధి పొందినది మఱియొకటి, సెర్వాంటిస్ వ్రాసిన డాన్ కిహోటె. కాని లోకము అతనిని చూచి నవ్వినది. ఆమెను చూచి భయపడినది.

ఈ భయమును తొలగించినవారు వాదములు చేసినవారు మాత్రమే గారు. కుంచె పట్టిన స్త్రీలును తొలగించిరి. స్త్రీ వ్రాసిన చదువరి స్త్రీ ఎట్లుండునో చూచుటకు బెర్త్ మోరిసో వ్రాసిన యొక చిత్రమును కొంత వివరముగా పరిశీలింపవలెను. బెర్త్, ఎడ్మా అను అక్కచెల్లెండ్రిద్దఱు కోరో అను ప్రసిద్ధ చిత్రకారునివద్ద శిక్షణము పొందిరి. 1864లో ఇద్దఱి చిత్రములును ప్యారిస్ నగరపు రాజకీయ ప్రదర్శనమున స్థానము సంపాదించెను. 1869లో ఎడ్మా యొక నౌకాదళాధికారిని వివాహమాడి, అతనితో సముద్రతీరపు పట్టణమునకు పోయెను. అంతటితో ఆమె చిత్రలేఖనము ముగిసెను. చెల్లెలికి వ్రాసిన యుత్తరములలో ఆమె తన కుంచెలను, రంగుల వాసనను తలంచుకొని చింతించుచుండెను. ఆ శీతకాలమున ఆమె తొలిచూలు ప్రసవమునకై పుట్టినింటికి వచ్చెను. మన యిండ్లలో ఆడుబిడ్డలు పురిటికి వచ్చినట్లే యిదియు. అప్పుడు బెర్త్ తల్లిని, అక్కను కలిపి యొక పెద్ద చిత్రము వ్రాసెను.

అందు నల్లని దుస్తులు ధరించిన తల్లి పుస్తకము చదువుచున్నది. తెల్లని దుస్తులలో ఎడ్మా ప్రక్కనే సోఫాపై కూర్చుండి, చేతులు ఒడిలో నుంచుకొని, ఎచ్చటికో చూచుచున్నది. తల్లికి గృహకృత్యములు తీరినవి, బిడ్డలు పెద్దవారైరి, ఇక చదువుకొనుటకు తీఱిక దొరకినది. కూతురికి గృహకృత్యములు మొదలు కావలసియున్నవి. ఆమె కుంచె యప్పటికే చేతినుండి జారిపోయినది. తల్లి చూపు పుస్తకమున నున్నది, కూతురి చూపున కేదియు ఆధారము లేదు. ఒకే సోఫాపై స్త్రీజీవితముయొక్క రెండు చివరలు కూర్చున్నవి. దీనిని వ్రాసినది మూడవ యామె, అనగా వివాహము ఇంకను కానిది, కుంచె నింకను విడువనిది. ఈ మువ్వురిలో నెవరి దోషమును లేదు. కాని ఎడ్మా కన్నులను చూచినవారు స్త్రీవిద్య పాఠశాలతో పూర్తియగునని మరల చెప్పజాలరు. ఆమె విద్యను ఎవరును నిషేధింపలేదు. దాని కొఱకు దినమున నొక గంటయైనను ఎవరును మిగుల్పలేదు.

ఈ చిత్రమునకు మఱియొక కథ గలదు. ప్రదర్శనమునకు పంపుటకు ముందటి దినమున బెర్త్ తన మిత్రుడును, ప్రసిద్ధ చిత్రకారుడును అగు మనేను సలహా యడిగెను. అతడు నోటితో చెప్పక కుంచె పుచ్చుకొని తల్లి యంగీ నొకచోట దిద్దెను. పిమ్మట వక్షమును, ముఖమును, వెనుకభాగమును దిద్దెను. బెర్త్ లజ్జించి, చిత్రము నిరాకరింపబడిన బాగుండునని కోరుకొనెను. అది యంగీకరింపబడి 1870లో ప్రదర్శింపబడెను. నేడు వాషింగ్టన్‌లో దానిని చూచువారికి, తల్లి యాకారమునందు మనే కుంచెయు, ఎడ్మా ముఖమునందు బెర్త్ కుంచెయు వేఱుగా కనబడును. చదువుచున్న స్త్రీని స్త్రీయే వ్రాసినప్పుడు కూడ ప్రక్కనున్న పురుషుడు చేయి పెట్టక యుండలేకపోయెను. అయినను ఎడ్మా చూపును మాత్రమతడు ముట్టలేదు.

ఆ కాలముననే ప్యారిస్‌లో నివసించిన యమెరికా చిత్రకారిణి మేరీ కసాట్ 1878లో తన తల్లిని వ్రాసెను. తల్లి తెల్లని దుస్తులు ధరించి, ముక్కుపై కండ్లజోడు పెట్టుకొని, ఫిగారో అను వార్తాపత్రికను చదువుచున్నది. ప్రక్కనున్న యద్దమున పత్రికయు, ఆమె చేయియు ప్రతిబింబించుచున్నవి. ఇందు మన్మథుడు లేడు, పిశాచము లేదు, నిలిచిన రాట్నము లేదు. ఉత్తరమైనచో ప్రియునిది, నవలయైనచో ప్రమాదము, గ్రంథమైనచో భక్తి యని చెప్పుటకు వీలుండెను. వార్తాపత్రికకు అట్టి వ్యాఖ్యానమేమియు పొసగదు. ఆమె చదువుచున్నది దేశవ్యవహారములను. అప్పటికి ఫ్రాన్సు దేశమున బాలికల కొఱకు ప్రభుత్వ ఉన్నతపాఠశాలలు లేవు. వానిని స్థాపించు శాసనము 1880లో వచ్చెను. ప్యారిస్‌లోని ప్రభుత్వ చిత్రకళాశాలలో స్త్రీలకు ప్రవేశము 1897లో దొరకెను. ఆ దేశపు స్త్రీలకు వోటుహక్కు 1944లో గాని రాలేదు. కనుక ఆ కుర్చీలోని వృద్ధురాలు తన కధికారము లేని వ్యవహారములను శ్రద్ధతో చదువుచున్నది. కసాట్ 1893లో షికాగో ప్రదర్శనముయొక్క స్త్రీభవనమునకై గొప్ప కుడ్యచిత్రము వ్రాసెను. అందు స్త్రీలు తోటలో జ్ఞానఫలములను కోయుచుండిరి. ఆ చిత్రము తరువాత కనబడకపోయెను. తోట పోయినను కండ్లజోడు పెట్టుకొనిన తల్లి మిగిలినది. జ్ఞానఫలము విషయమున నామెయే మంచి ప్రమాణమని నా యభిప్రాయము.

ఇరువదవ శతాబ్దమున చదువరి స్త్రీ యొంటరిదయ్యెను. ఇంగ్లండునుండి పోయి ప్యారిస్‌లో స్థిరపడిన గ్వెన్ జాన్ తన గదిని తానే మాటిమాటికి వ్రాసెను. 1909-11 నాటి యొక చిత్రమున స్త్రీ కిటికీ వెలుగున నిలిచి పుస్తకము చదువుచున్నది. ఆ బొమ్మకు తన ముఖము నుంచుట యిష్టము లేక డ్యూరర్ వ్రాసిన మరియమ్మ ముఖమువంటి దానిని ఉంచెను. ఆఱు వందల యేండ్ల నాడు దేవదూత రాకతో పుస్తకమును మూసిన మరియమ్మ, ఈ చిన్న గదిలో దేవదూత రాకుండగనే చదువు కొనసాగించుచున్నట్లున్నది. వర్జీనియా వుల్ఫ్ స్త్రీకి తనదైన గది కావలెనని గ్రంథము వ్రాసినది 1929లో. గ్వెన్ జాన్ ఆ గదిని అంతకు ముందే చిత్రించెను. అమెరికా దేశీయుడైన ఎడ్వర్డ్ హాపర్ 1931లో వ్రాసిన చిత్రమున నొక స్త్రీ వసతిగృహపు మంచముపై కూర్చుండి, తలవంచి, చేతిలోని కాగితములను చూచుచున్నది. అవి ప్రేమలేఖ యని తలంచువారికి సమాధానముగా చిత్రకారుని భార్య జోసెఫిన్ వివరము వ్రాసి యుంచెను. అది రైళ్ల వేళలను తెలుపు పట్టిక. ఆ బొమ్మకు మూర్తిగా కూర్చుండినదియు జోసెఫినే. ఆమెయు చిత్రకారిణి, భర్త కీర్తినీడలో ఆమె పని మఱుగుపడెను. ఎడ్మా కథ దేశము మాఱి మరల జరిగెను.

ఇంతవరకు పడమటి చిత్రశాలలలో తిరిగితిమి. ఆ తైలవర్ణ పద్ధతిని మన దేశపు కథలకు ఉపయోగించి ప్రసిద్ధి పొందిన రాజా రవివర్మ (1848-1906) చిత్రములలోను ఈ విషయము కలదు. అతని శకుంతల తామరాకుపై దుష్యంతునకు లేఖ వ్రాయుచున్నది. కాళిదాసు నాటకమున మూడవ యంకములోని ఘట్టమిది. ఆశ్రమబాలికకు అక్షరజ్ఞాన ముండుట కవికి వింత గాదు. అయినను డ్రెస్డెన్ చిత్రమున వలెనే ఇచ్చటను అక్షరము ప్రేమకు దూతి మాత్రమే. 1902లో అతడు వ్రాసిన నాయరు స్త్రీ చిత్రమున మార్పు కనబడుచున్నది. ఆమె విశ్రాంతిగా పడుకొనియున్నది. ఎదుట తెఱచిన పుస్తకమున్నది. సేవకు పరిచారిక యున్నది. 1889లో చందుమేనోన్ మలయాళమున వ్రాసిన ఇందులేఖ నవలలోని నాయికతో పండితులు ఈ చిత్రమును సంబంధింతురు. ఇందులేఖ ఇంగ్లీషును, సంస్కృతమును, సంగీతమును నేర్చి, తన వరుని తానే నిశ్చయించుకొనిన స్త్రీ. రవివర్మ ఆమెకు చదువును, తీఱికను రెంటిని ఇచ్చెను. ఆ తీఱిక వెల పరిచారిక చెల్లించుచున్నదను సంగతి కూడ చిత్రమే చెప్పుచున్నది.

అయితే రవివర్మ ముద్రాయంత్రమున అచ్చయి, ఆంధ్రదేశపు ఇండ్లలోను గోడల కెక్కినది నాయరు స్త్రీ కాదు, సరస్వతి. ఆమె చేతులలో వీణయు, తాళపత్రగ్రంథమును ఉండును. ఆ పటమునకు పూలదండ వేసిన యిండ్లలో ననేకము తమ బాలికలకు అక్షరము నేర్పనివే. విద్యకు స్త్రీయే దేవత యని మ్రొక్కుచు స్త్రీకి విద్య తగదనుటలోని వైరుధ్యమును కందుకూరి వీరేశలింగముగారు మొదలగువారు సహింపలేకపోయిరి. ఆయన 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించెను. 1883లో స్త్రీల కొఱకు సతీహితబోధిని పత్రికను వెలువరించెను. సోదరుడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి చదువు నేర్చిన భండారు అచ్చమాంబగారు 1901లో అబలాసచ్చరిత్ర రత్నమాలను ప్రకటించి, స్త్రీల చరిత్రలను స్త్రీయే వ్రాయగలదని చూపిరి. వంగదేశమున రాససుందరీదేవి తన యాత్మకథలో వ్రాసిన సంగతి మఱింత హృదయవిదారకము. ఆమె చైతన్యభాగవతమునుండి యొక పత్రమును తీసి వంటయింట దాచుకొని, కుమారుడు వ్రాసిన యక్షరములతో పోల్చుకొనుచు, వంట చేయుచునే రహస్యముగా చదువ నేర్చెను. వెర్మేర్ కిటికీ వెలుగు లేదు, నాయరు స్త్రీ పరిచారిక లేదు. పొయ్యిమంట వెలుగున నొక పత్రము మాత్రమున్నది. మన దేశపు చదువరి స్త్రీకి యథార్థమైన చిత్రము ఇదియే.

ఆ నిషేధముల కాలము గడచినది. 2011 జనాభాలెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నూటికి దాదాపు 59 మంది స్త్రీలు అక్షరాస్యులైరి. బాలికలు కళాశాలలలో పరీక్షలు నెగ్గుచున్నారు. అక్షరమును గూర్చిన ప్రశ్నకు సమాధానము సగమునకు మించి వచ్చినది. ఇక రెండవ ప్రశ్న యున్నది. 2019లో భారతప్రభుత్వము ప్రజలు దినమును గడపు విధమును గూర్చి పరిశోధన చేసెను. వేతనము లేని యింటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును దానికి వెచ్చించుచున్నట్లు తేలెను. ఈ రెండు సంఖ్యల నడుమ మూడు గంటలకు మించిన యంతరమున్నది. ఎడ్మా కుంచె జారిపోయినది ఆ యంతరముననే. మనము పట్టభద్రురాలని గర్వముతో చెప్పుకొను కోడలు పెండ్లియైన పిదప చదివిన పుస్తకము లెన్ని యని యడిగినచో, అనేక గృహములలో సమాధానము చెప్పుటకు సిగ్గుపడవలసి యుండును. అది ఆమె యశ్రద్ధ యనువారు షార్దాన్ చిత్రములోని రాట్నమును మరల చూడవలెను. అది నిలిచినప్పుడే పుస్తకము తెఱువబడినది.

సంస్కారమనగా గొప్ప సభలలో తీర్మానములు చేయుట మాత్రమే కాదు. సాయంకాలము ఇంటిలో నెవరు కూర్చుండిరో, ఎవరు నిలుచుండిరో చూచుటయు సంస్కారమే. చదువుచున్న స్త్రీని పిలిచి మంచినీళ్లు తెమ్మనుటకు ముందు, తాను లేచి తెచ్చుకొనవచ్చునని తోచుటయు సంస్కారమే. ఆమె చదువుచున్నది నవలయా, పత్రికయా, పురాణమా యని అడుగక యుండుట అంతకంటె పెద్ద సంస్కారము. చిత్రకారులు మన్మథుని విడిచి వట్టి గోడను నమ్ముటకు ఎంతయో కాలము పట్టెను. చదువుచున్న స్త్రీ చిత్రపటమును గోడకు తగిలించుట సులభము. ఆ చిత్రములోని కుర్చీని మన యింట నొకరికి దినమున నొక గంట విడిచిపెట్టి, ఆ గంటలో చేయవలసిన పనిని మనము చేయుట కొంచెము కష్టము. ఆ కష్టమును పురుషులు పంచుకొనిన గృహమునందే బాలికాపాఠశాల ప్రారంభించిన పని పూర్తియగును.